టీ ధర తగ్గితే టీ పెట్టెలు సముద్రంలో ఎందుకు పారేశారు?

కాకినాడకాజా
పోయిన నెల కుటుంబంతో బోస్టన్ వెళ్లాం. అక్కడి రేవులోనే 1773లో, అమెరికా ఇంకా బ్రిటన్ పాలనలో ఉండగా, పన్ను మీద కోపంతో 342 టీ పెట్టెలు సముద్రంలో పారేశారు. ఇప్పుడు అక్కడ పాతకాలపు ఓడ నమూనా ఒకటి ఉంది. టిక్కెట్టు కొన్నవాళ్లు టీ పెట్టె ఎత్తి నీళ్లలోకి విసరవచ్చు. పెట్టెకు తాడు ఉంటుంది, మళ్లీ పైకి లాగి తర్వాతి వాళ్ల చేతికి ఇస్తారు. ఏడో తరగతి చదివే మా అమ్మాయి రెండుసార్లు విసిరింది. తిరుగుదారిలో అడిగింది: "నాన్నా, 1773లో బ్రిటన్ చేసిన టీ చట్టంతో టీ ధర తగ్గిందంటున్నారు కదా, తగ్గినందుకు కోపం ఎందుకు?" బ్రిటన్ పార్లమెంటులో ప్రాతినిధ్యం లేకుండా పన్ను వేయకూడదన్నారు అంటూ ఏదో గొణిగాను. ఒప్పుకోలేదు. నిజం చెప్పాలంటే నాకూ అర్థం కాలేదు. పౌండు టీకి 3 పెన్నీల పన్ను. దానికి ఎనిమిదేళ్ల స్వాతంత్ర్య యుద్ధమా? ఎవరైనా విడమరచి చెప్పండి. పాఠ్యపుస్తకంలో ఉన్న జవాబు వద్దు, అది చెప్పే ఓడిపోయాను.

పుల్లట్టు
మా ఇంట్లో టీ పొడి ఒక చెంచా కింద పోస్తేనే అంతకంటే పెద్ద యుద్ధం జరుగుతుంది.

లెక్కలరత్నం
ముందు బ్రిటన్ వైపు పద్దు చూడండి. ఫ్రాన్స్‌తో ఏడేళ్ల యుద్ధం 1763లో ముగిసింది. యుద్ధానికి ముందు సుమారు 7.5 కోట్ల పౌండ్లున్న ప్రభుత్వ అప్పు, ముగిసేసరికి 13 కోట్లకు చేరింది. ఆ యుద్ధంలో లాభపడింది ఎవరు? కెనడా వైపు నుంచి ఫ్రెంచివాళ్ల బెడద వదిలిన అమెరికా వలసలే (అంటే అక్కడ బ్రిటన్ పాలనలో ఉన్న రాష్ట్రాలు). పైగా యుద్ధం అయ్యాక కూడా అక్కడ పదివేల మంది సైనికులను ఉంచాలని నిర్ణయించారు. ఆ ఖర్చులో కొంత మీరూ భరించండి అన్నారు. బ్రిటన్‌లో మనిషికి ఏడాదికి 26 షిల్లింగుల పన్ను పడుతుంటే వలసల్లో ఒక షిల్లింగు అని పుస్తకాల్లో తరచూ కనిపించే అంచనా. కాబట్టి పన్నుల భారం మోయలేక తిరగబడ్డారన్న మాట మొదటే పక్కన పెట్టండి. ఆ కాలంలో ప్రపంచంలోకెల్లా తక్కువ పన్ను కట్టినవాళ్లలో వాళ్లూ ఉన్నారు.

డల్లాస్_దారి
ప్రాతినిధ్యం లేకుండా పన్ను కట్టడమంటే ఏమిటో నన్ను అడగండి. హెచ్1బి మీద 12 ఏళ్లుగా కడుతున్నాను. ఓటు లేదు. టీ పెట్టె పారేస్తే వీసా పోతుంది.

పుల్లట్టు
డల్లాస్ గారూ, మీ ఊరికి సముద్రం కూడా లేదు.

రిటైరైన_పన్నులాయన
రత్నం గారి లెక్కతో పేచీ లేదు. కానీ ముప్పై ఏళ్లు పన్ను వసూలు చేసినవాడిగా నాకు ఇంకో సంగతి కనిపిస్తోంది. 1733 నుంచే విదేశీ దీవుల మొలాసిస్ (రమ్ము కాచే చెరకు మడ్డి) మీద గ్యాలనుకు 6 పెన్నీల సుంకం ఉంది. రమ్ము కాచేవాళ్లకు అది గిట్టదు. అందుకని కస్టమ్స్ ఉద్యోగి చేతిలో ఎంతో కొంత పెట్టి సరుకు దించుకునేవాళ్లు. ఒక తరం అలాగే గడిచింది. 1764లో ప్రధాని గ్రెన్విల్ సుంకాన్ని సగానికి, 3 పెన్నీలకు తగ్గించాడు. తగ్గించి, నిజంగానే వసూలు చేయమన్నాడు. అసలు గొడవ అక్కడ మొదలైంది.

ఇది నేను కళ్లారా చూశాను. ఒక పట్టణంలో పప్పు మిల్లుల వాళ్లు ఎక్కువ రేటు ఉన్నన్నాళ్లూ నోరెత్తలేదు. సగం సరుకు పద్దుల్లోకి వస్తే కదా! తర్వాత రేటు సగం చేసి, బిల్లు లేని లారీలను ఆపమని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. వారం తిరగకుండానే బజారు మూసి మా ఆఫీసు ముందు బైఠాయించారు. వాళ్ల బ్యానరు మీద "పన్నుల భారం తగ్గించాలి" అని ఉంది. తగ్గించినందుకే కదయ్యా వచ్చారు అని మా గుమాస్తా అన్నాడు, కొట్టబోయారు.

గోదారిగట్టు
అదీ మాట! దొంగసరుకు వ్యాపారుల లాభం తగ్గింది, దానికి స్వేచ్ఛ అని పేరు పెట్టారు. బోస్టన్ వర్తకుడు జాన్ హాన్‌కాక్ ఓడ "లిబర్టీ"ని 1768లో కస్టమ్స్ వాళ్లు పట్టుకున్నది దొంగతనంగా వైను దించాడన్న ఆరోపణ మీదే. ఓడ పేరు చూడండి. ఆయనే తర్వాత స్వాతంత్ర్య ప్రకటన మీద అందరికంటే పెద్ద సంతకం పెట్టాడు.

నల్లకోటు
గోదారి గారూ, ఆ కేసు ఏ కోర్టులో నడుస్తుందో కూడా చూడండి. 1764 చట్టం ప్రకారం ఇలాంటి కేసులను జూరీ లేని నౌకా న్యాయస్థానానికి తీసుకుపోవచ్చు. కొత్తగా ఒకదాన్ని హాలిఫాక్స్‌లో పెట్టారు, అంటే బోస్టన్ వర్తకుడు కెనడా తీరానికి ప్రయాణం కట్టాలి. సరుకు సక్రమమని రుజువు చేసుకోవలసింది ఓడ యజమానే. గెలిచినా, అనుమానానికి తగిన కారణం ఉండిందని జడ్జి ఒక్క ముక్క రాస్తే నష్టపరిహారం రాదు. జప్తు సొమ్ములో మూడోవంతు గవర్నరుకు, మూడోవంతు పట్టుకున్నవాడికి. పట్టుకున్నవాడికి వాటా ఇచ్చే చట్టం ఎలా పనిచేస్తుందో పన్నులాయన గారే చెప్పాలి.

రిటైరైన_పన్నులాయన
చెప్పనక్కర్లేదు. కనబడిన ప్రతి లారీ దొంగలారీయే అవుతుంది.

పాతపుస్తకాలపురుగు
1765 స్టాంపు చట్టం దాటి ముందుకు పోకండి. పత్రికలు, దస్తావేజులు, పంచాంగాలు, పేకముక్కలు, అన్నిటి మీదా ముద్ర ఉన్న కాగితం కొనాలి. పేక కట్టకు ఒక షిల్లింగు, పాచికల జతకు 10 షిల్లింగులు. కళాశాల పట్టాకు 2 పౌండ్లు. గ్రెన్విల్ చేసిన తప్పు ఒక్కటే, కానీ చాలా పెద్దది: నోరున్న వాళ్లందరి మీదా ఒకేసారి పన్ను వేశాడు. పత్రికలు వేసేవాళ్లు, లాయర్లు, సారాయి కొట్లలో పేకాడేవాళ్లు, ఓడ కాగితాలు కావలసిన వర్తకులు. రైతు మీద వేసి ఉంటే ఇంత అల్లరి అయ్యేది కాదేమో. అసలు పత్రిక నడిపేవాడి మీద పన్ను వేసి, అతను ఏం రాస్తాడనుకున్నారు?

ఆగస్టు 14న బోస్టన్‌లో స్టాంపుల పంపిణీదారు ఆండ్రూ ఆలివర్ దిష్టిబొమ్మను చెట్టుకు వేలాడదీశారు. అతను రాజీనామా చేశాడు. చట్టం నవంబరు 1న అమల్లోకి రావాలి, అప్పటికి స్టాంపులు అమ్మే మనిషి దాదాపు ఏ వలసలోనూ మిగల్లేదు. 1766 మార్చి 18న చట్టం రద్దయింది. అదే రోజు ఇంకో చట్టం చేశారు: వలసలను ఏ విషయంలోనైనా సరే శాసించే అధికారం పార్లమెంటుకు ఉంది అని. పన్ను ఎత్తేశారు, హక్కు మాత్రం దాచుకున్నారు. సంబరాల్లో ఆ రెండో కాగితాన్ని ఎక్కువమంది పట్టించుకోలేదు.

లెక్కలరత్నం
పార్లమెంటులో సభ్యులు లేరన్నది కూడా అంత బలమైన వాదన కాదు. మాంచెస్టర్‌కూ బర్మింగ్‌హామ్‌కూ అప్పుడు సొంత సభ్యులు లేరు. వాళ్లూ పన్ను కట్టారు.

నల్లకోటు
లండన్‌లో చెప్పిన జవాబు సరిగ్గా అదే. దానికి అమెరికన్లు, అయితే మాంచెస్టర్‌కు కూడా ఇవ్వండి అన్నారు. ఒక తప్పుకు ఇంకో తప్పు సాక్ష్యమా?

కాకినాడకాజా
అంతా బాగుంది. నా టీ ఎక్కడ?

పాతపుస్తకాలపురుగు
కాజా గారూ, వస్తోంది, కాగుతోంది.

1767లో ఖజానా మంత్రి టౌన్‌షెండ్ గాజు, సీసం, రంగులు, కాగితం, టీల మీద దిగుమతి సుంకం వేశాడు. ఎంత వచ్చిందన్నది పక్కన పెట్టండి. ఆ సొమ్ము ఎక్కడికి పోవాలన్నాడో చూడండి: గవర్నర్ల, జడ్జీల జీతాలకు. అంతకుముందు చాలా వలసల్లో గవర్నరు జీతం అక్కడి శాసనసభ ఇచ్చేది. సభ అడిగింది చేయకపోతే జీతం ఆలస్యమయ్యేది. వలసల చేతిలో ఉన్న అసలు పగ్గం అదే. టీ పన్నుతో జీతం వస్తే గవర్నరు ఇక సభ ముఖం చూడనక్కర్లేదు.

1770లో ప్రధాని లార్డ్ నార్త్ మిగతా సుంకాలన్నీ తీసేసి టీ మీద మాత్రం ఉంచాడు, హక్కు వదులుకోలేదని చూపడానికి. 1773 నాటికి, బోస్టన్ ఉన్న మసాచుసెట్స్ వలస గవర్నరు హచిన్‌సన్ జీతం టీ సుంకం నుంచే వస్తోంది. ఇక మీ అమ్మాయి ప్రశ్న. ధర తగ్గింది నిజమే. జనం ఆ చవక టీ కొనుక్కుంటే ఏమవుతుంది? ప్రతి కప్పుతోనూ గవర్నరు జీతం కడుతున్నట్టే, పార్లమెంటు హక్కును ఒప్పుకున్నట్టే. ఖరీదైన టీ అయితే జనం ఎలాగూ కొనరు, పారేయవలసిన పనే ఉండదు. చవక కావడమే ప్రమాదం.

కాకినాడకాజా
ఇది మా అమ్మాయికి నచ్చుతుంది. చదువుతున్నాను, ఆపకండి.

గోదారిగట్టు
పురుగు గారు ఒక ముక్క దాచారు. బోస్టన్‌లో ఆ టీ అమ్మే ఏజెంట్లు ఎవరు? గవర్నరు హచిన్‌సన్ కొడుకులు ఇద్దరు ఉన్నారు అందులో. మధ్యలో ఉండే వర్తకులందరినీ తప్పించి, ఎంపిక చేసిన నలుగురికి సరుకు ఇచ్చారు. హాలండ్ నుంచి దొంగటీ తెచ్చేవాళ్ల పొట్ట కొట్టారు. నేను మొదటినుంచీ అంటున్నది ఇదే, వ్యాపారం.

పాతపుస్తకాలపురుగు
దాచలేదు, టైపు చేసేలోపు మీరు వచ్చేశారు. తండ్రి జీతం టీ నుంచి, కొడుకుల కమీషను టీ నుంచి. దీన్ని వట్టి వ్యాపారం అంటారా, పాలన అంటారా? నాకైతే విడదీయడం రావడం లేదు.

టీకొట్టు_తాతయ్య
ఆ 342 పెట్టెల్లో ఉన్నది మన టీ కాదు, అంతా చైనా టీ. అస్సాం తోటల మాట ఇంకా అరవై ఏళ్ల తర్వాతిది. ఎక్కువ భాగం "బోహీ" అనే నల్ల టీ, అందులో నాసిరకం. నా కొట్లో ఎవరైనా అది పెడితే నేనే పారేస్తాను, విప్లవంతో పని లేదు.

ఆ రాత్రి సంగతి ఒకటి నాకు ఇష్టం. నీరు తీసి ఉన్న సమయం కావడంతో టీ మునగక ఓడల పక్కన గుట్టలుగా పడింది. మర్నాడు పొద్దున పడవలేసుకుని తెడ్లతో కొట్టి ముంచారు. ఒకడు కోటు లోపల టీ పొడి నింపుకోబోతే పట్టుకుని తన్నారు. పగిలిన తాళంకప్ప ఒకదానికి బదులు కొత్తది తెచ్చి ఇచ్చారట!

నల్లకోటు
తేదీ కూడా చట్టం పెట్టిన ముహూర్తమే. ఓడ రేవుకు వచ్చిన 20 రోజుల్లో సుంకం కట్టకపోతే కస్టమ్స్ సరుకు స్వాధీనం చేసుకుంటుంది. మొదటి టీ ఓడ "డార్ట్‌మౌత్" నవంబరు 28న వచ్చింది. గడువు డిసెంబరు 17. సరుకు వెనక్కి పంపడానికి గవర్నరు అనుమతి ఇవ్వలేదు. 16 రాత్రి పారేశారు. ఫిలడెల్ఫియా, న్యూయార్క్ టీ ఓడలు వెనక్కి తిరిగాయి. చార్లెస్టన్‌లో సరుకు దించి గోదాములో పెట్టారు, 1776లో విప్లవకారులే దాన్ని అమ్ముకుని ఖర్చులకు వాడుకున్నారు. సూత్రం కంటే గోదాము ఎక్కువ కాలం నిలిచింది.

శ్రీకాకుళం_చలం
ఆ టీ ఎవరిది? ఈస్టిండియా కంపెనీది. కంపెనీకి ఆ చట్టం ఎందుకు అవసరమైంది? బెంగాల్ ఆదాయం చూసుకుని మితిమీరి అప్పులు చేసింది, 1770 కరవు బెంగాల్‌ను ఊడ్చేసింది, లండన్ గోదాముల్లో టీ పేరుకుపోయింది. పార్లమెంటు అదే 1773లో 14 లక్షల పౌండ్ల అప్పు ఇచ్చి, షరతులు పెట్టి గట్టెక్కించింది. ఆసియాలో జనాన్ని ఆకలితో చంపిన కంపెనీ ఇప్పుడు మన మీద పడుతోందని అమెరికన్ నాయకుడు జాన్ డికిన్‌సన్ ఆ ఏడాదే రాశాడు. బెంగాల్ శవాలు అమెరికా రాజకీయాల్లో సాక్ష్యం చెప్పాయి.

ఇంకోటి. అప్పటికే మా చికాకోల్ (శ్రీకాకుళం), రాజమహేంద్రవరం సర్కార్లు అదే కంపెనీ చేతిలో ఉన్నాయి, 1766లో నిజాంతో ఒప్పందం చేసుకుంది. బోస్టన్ వాళ్లు పెట్టెలు పారేసిన రోజు మా ఊళ్లో శిస్తు ఎవరికి పోతోందో మా ఊరివాళ్లకు ఒక్క సభ కూడా లేదు, అడగడానికి.

లెక్కలరత్నం
చలం గారూ, బాగానే ఉంది కానీ బోస్టన్ వాళ్లు మన కోసం ఏడ్చారనుకోకండి. భారతదేశం వాళ్లకు ఒక భయపెట్టే బొమ్మ, అంతే.

శ్రీకాకుళం_చలం
నేనెప్పుడన్నాను ఏడ్చారని? కానీ 1782లో ఫిలడెల్ఫియా వాళ్లు బ్రిటిష్ ఓడ ఒకదాన్ని పట్టుకున్న తమ ఓడకు ఏం పేరు పెట్టారో చూడండి, "హైదర్ అలీ". యార్క్‌టౌన్‌లో 1781లో అమెరికన్లకు లొంగిపోయిన బ్రిటిష్ సేనాని కార్న్‌వాలిస్‌ను అయిదేళ్లకు మన మీదకు గవర్నర్ జనరల్‌గా పంపారు. ఆయన 1793లో బెంగాల్‌లో పెట్టిన శాశ్వత శిస్తు పద్ధతి 1802 తర్వాత సర్కారు జిల్లాలకూ వచ్చింది. అక్కడ ఓడిన మనిషి ఇక్కడ జమీందార్లను స్థిరపరచాడు.

పుల్లట్టు
బదిలీ అంటే అది. పనికిరాడనుకున్నవాణ్ని పంపడానికి ఎప్పుడూ మనమే దొరుకుతాం.

వూస్టర్_వాసి
నేను ఉండేది మసాచుసెట్స్‌లో వూస్టర్. (అక్షరాలు చూసి వర్సెస్టర్ అని చదివితే ఇక్కడివాళ్లు నవ్వుతారు, నేను ఆరు నెలలు నవ్వించాను.) అందరూ టీ దగ్గరే ఆగిపోయారు. అసలు తిరుగుబాటు టీ పారేసిన తొమ్మిది నెలలకు, పైసా పన్ను ప్రసక్తి లేకుండా, ఇక్కడ జరిగింది.

పార్లమెంటు కోపంతో 1774లో బోస్టన్ రేవు మూసేసింది. టీ నష్టం కట్టేదాకా ఓడ రాకూడదు. ఊరంతటికీ శిక్ష. అంతకంటే ఘోరమైనది మసాచుసెట్స్ పాలన చట్టం. అప్పటిదాకా పై సభను ప్రజాప్రతినిధులే ఎన్నుకునేవాళ్లు, ఇకపై రాజు నియమిస్తాడు. జడ్జీలు, షెరీఫులు (కోర్టు ఉత్తర్వులు అమలు చేసే అధికారులు) గవర్నరు మనుషులు. జూరీని ఎంచేది ఆ షెరీఫే. ఊరి సభ ఏడాదికి ఒకసారే, రెండోసారి కలవాలంటే గవర్నరు అనుమతి. టీ రుచి కూడా ఎరగని రైతుకు ఇది తగిలింది. అప్పు కేసులో తన పొలం పోతుందా ఉంటుందా అని తేల్చే జడ్జి, జూరీ ఇక తన ఊరివాళ్లు కారు. మన దగ్గర ఊళ్లో రచ్చబండ తీసేసి, రాజధాని నుంచి వచ్చిన గుమాస్తా తీర్పు చెబుతాడంటే ఎలా ఉంటుందో అలా.

1774 సెప్టెంబరు 6న కోర్టు తెరవాలి. చుట్టుపక్కల ఊళ్ల నుంచి 4,622 మంది వచ్చి వీధికి రెండు వైపులా బారులు తీరారు. ఆ లెక్క ఊరికే వేసింది కాదు, దళాల వారీగా తలలు లెక్కపెట్టారు. కోర్టు తలుపులు వేసేసి, జడ్జీలను, షెరీఫును టోపీలు చేతపట్టుకుని ఆ బారుల మధ్య నడిపించారు. "కొత్త చట్టం కింద మేం పనిచేయం" అని వాళ్లు ప్రతి కొద్ది అడుగులకూ చదవాలి, అలా ముప్పై సార్లకు పైగా. ఒక్క తుపాకీ పేలలేదు, ఒక్కరూ చావలేదు. ఆ రోజుతో ఇక్కడ రాజు పాలన ముగిసింది. యుద్ధం మొదలైన లెక్సింగ్టన్ కాల్పులు ఏడు నెలల తర్వాతి మాట. ఓడ నాటకానికి మ్యూజియం ఉంది, ఈ వీధి మీదుగా జనం కాఫీకి వెళ్తుంటారు.

కాకినాడకాజా
ఇది నేను ఎప్పుడూ వినలేదు. తప్పు ఊరికి వెళ్లామన్నమాట.

గోదారిగట్టు
ఇది నాకూ కొత్త. దొంగసరుకు వ్యాపారులతో ఈ రైతులను వివరించలేను, ఒప్పుకుంటున్నాను. సగం.

ఉప్పుచేప
అందరూ స్వేచ్ఛ దగ్గర కరిగిపోతున్నారు కాబట్టి నేను చేదుమాట అంటాను. అదే స్టాంపు చట్టం జమైకాకు, బార్బడోస్‌కు కూడా వర్తించింది. సెయింట్ కిట్స్‌లో, నెవిస్‌లో అల్లరి చేశారు, కానీ బార్బడోస్, జమైకా కట్టాయి. 1776లో ఆ దీవుల్లో ఒక్కటీ విడిపోలేదు. పన్నే విప్లవం తెస్తే వాళ్లెందుకు ఊరుకున్నారు? వాళ్ల పంచదారకు బ్రిటన్ బజారు కావాలి. చుట్టూ తమకంటే ఎన్నో రెట్లు బానిసలున్నారు, వాళ్లు తిరగబడితే ఆదుకోవడానికి బ్రిటిష్ సైన్యం కావాలి. అవసరం ఉన్నవాడు సామ్రాజ్యాన్ని ప్రేమిస్తాడు.

ఇటు వర్జీనియాలో 1775 నవంబరులో గవర్నరు డన్‌మోర్, తిరుగుబాటుదారుల బానిసలు వచ్చి రాజు పక్షాన పోరాడితే విముక్తి ఇస్తానన్నాడు. అంతవరకు ఊగిసలాడిన తోటల యజమానులు చాలామంది ఆ దెబ్బకు విప్లవకారులయ్యారు. అప్పలాచియన్ కొండలు దాటి స్థిరపడవద్దని 1763లో రాజు ప్రకటించాడు, అది ఆదివాసుల భూమి. ఆ ప్రకటన మీద కోపగించుకున్న భూమి బేరగాళ్లలో జార్జి వాషింగ్టన్ ఒకడు. రాజు అదుపు అంటే అందరికీ ఒకటే అర్థం కాదు.

నల్లకోటు
ఇందులో కాదనడానికి ఏమీ లేదు. కానీ వూస్టర్ రైతుకు బానిసలూ లేరు, కొండల అవతల ఒహాయో భూములూ లేవు.

ఉప్పుచేప
సరే, వూస్టర్ మీది, వర్జీనియా నాది.

చీరాలచేనేత
ఊరి పాలన మీద పెత్తనం అన్న మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. మా చీరాల, పేరాలలను కలిపి మున్సిపాలిటీ చేసి పన్నులు పెంచితే 1921లో జనం దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి వెంట ఊరు ఖాళీ చేసి వెళ్లిపోయారు. మున్సిపల్ హద్దు బయట పాకలు వేసుకుని దానికి రామనగరం అని పేరు పెట్టి పదకొండు నెలలు ఉన్నారు. పన్ను కట్టను అనడంతో ఆగలేదు, నీ హద్దులోనే ఉండను అన్నారు. మా తాతమ్మ ఆ పాకల్లో ఎండకు, వానకు పడిన పాట్లు చెబుతుండేది. మున్సిపాలిటీ వల్ల వచ్చే వీధిదీపాలు ఎవరికి కావాలి, మా దగ్గర లాంతర్లున్నాయి అనేదట వాళ్లమ్మ.

రిటైరైన_పన్నులాయన
చీరాల గారూ, ఊరే లేచిపోతే వసూలు చేసేవాడు ఎవరి తలుపు తట్టాలి? ఆ రోజుల్లో అక్కడ ఉద్యోగం చేయనందుకు దేవుడికి దండం.

డల్లాస్_దారి
మరి స్వాతంత్ర్యం వచ్చాక పన్నులు తగ్గాయా?

వూస్టర్_వాసి
లేదు. యుద్ధం అప్పులు తీర్చడానికి మసాచుసెట్స్ కొత్త ప్రభుత్వం భారీగా పన్నులు వేసింది, నాణేల్లోనే కట్టమంది. 1786 సెప్టెంబరులో రైతులు మళ్లీ ఇదే వూస్టర్ కోర్టు ముందుకు వచ్చి మూసేశారు. కొందరు పాత యుద్ధంలో పోరాడినవాళ్లే. ఈసారి సైన్యాన్ని పంపారు. బోస్టన్ అల్లర్లకు ఊపిరి పోసిన శామ్యూల్ ఆడమ్స్ ఈ రైతుల గురించి ఏమన్నాడో తెలుసా? రాజు మీద తిరగబడితే క్షమించవచ్చు, గణతంత్రం మీద తిరగబడితే మరణశిక్షే అన్న అర్థంలో మాట్లాడాడు. 1794లో సారాయి పన్ను మీద పెన్సిల్వేనియా రైతులు లేస్తే వాషింగ్టనే సుమారు 13,000 మందితో బయలుదేరాడు.

పుల్లట్టు
కోడలు అత్త అయిందన్నమాట.

డల్లాస్_దారి
వాషింగ్టన్ నగరంలో కార్ల నంబరు పలకల మీద 2000 నుంచి "ప్రాతినిధ్యం లేని పన్ను" అని రాసుకుంటున్నారు, వాళ్ల ప్రతినిధికి సభలో ఓటు లేదని. వాళ్లకైనా పలక ఉంది.

కాకినాడకాజా
రాత్రి భోజనాల దగ్గర మా అమ్మాయికి ఇదంతా చదివి వినిపించాను. గవర్నరు జీతం సంగతికి తల ఊపింది. వూస్టర్ జడ్జీల నడక రెండుసార్లు చదివించుకుంది. తర్వాత ఉప్పుచేప గారి పోస్టు దగ్గర ఆగి, "డన్‌మోర్ దగ్గరికి పారిపోయిన వాళ్లు యుద్ధం అయ్యాక ఏమయ్యారు?" అని అడిగింది. మళ్లీ గొణిగాను. ఉప్పుచేప గారూ, ఇది మీ మీద పడింది.

ఉప్పుచేప
చాలామంది మశూచితో అక్కడే పోయారు. యుద్ధం ముగిశాక, బ్రిటిష్ పక్షాన చేరిన నల్లవాళ్లలో సుమారు 3,000 మందిని న్యూయార్క్ నుంచి ఓడల్లో నోవా స్కోషియాకు తీసుకెళ్లారు. వాళ్ల పేర్లు, వయసులు, పాత యజమానుల పేర్లు ఒక పుస్తకంలో రాసి ఉంచారు, ఇప్పటికీ చదవవచ్చు. అక్కడ ఇస్తామన్న భూమి సరిగా దక్కక 1792లో దాదాపు 1,200 మంది ఆఫ్రికాలోని సియెర్రా లియోన్‌కు తరలిపోయారు. అక్కడి కంపెనీ వాళ్ల భూముల మీద శిస్తు అడిగింది. 1800లో వాళ్లూ తిరగబడ్డారు. రేపు విడిగా రాస్తాను, అమ్మాయిని నిద్రపొమ్మనండి.